లైకులతో ఇల్లు నిలబడదు

"హాయ్ ఆల్... ప్రాస్పర్‌లో ఇల్లు చూశాం, ఆఫర్ ఓకే అయింది. మంచి హోమ్ ఇన్‌స్పెక్టర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. మన తెలుగువాళ్ళయితే ఇంకా మంచిది. రేటు కాస్త చూసి చెప్పండి!"

శనివారం పొద్దున డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగు వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇలాంటి మెసేజ్ ఒకటి కనబడుతుంది. టీ తాగడం పూర్తయ్యేలోపు దాని కింద పది నంబర్లు వరసగా పడతాయి. 'మా ఫ్రెండే, సూపర్‌గా చేస్తాడు' అని ఒకరు. 'మా బావగారు, సగం రేటుకే చేస్తారు' అని ఇంకొకరు. 'మాకు చేసినాయన చాలా ఫాస్టండీ, గంటలో తేల్చేశాడు' అని మరొకరు. ఆ పది నంబర్లలో మాదీ ఒకటి ఉంటుంది.

ఆ పదిమందిలో ఎవరిని పిలవాలో ఆ కుటుంబం ఎలా తేల్చుకుంటుంది? నిజం చెప్పాలంటే తేల్చుకోదు. ఎవరి డీపీలో నవ్వు బాగుంటే వాళ్ళకి, ఎవరి పేరు ముందు తెలిసినవాళ్ళు చెబితే వాళ్ళకి ఫోన్ చేస్తుంది. జీవితంలో పెట్టే అతి పెద్ద ఖర్చుకి మనం చేసుకునే ఎంపిక ఇది! ఈ పని చేసి బతుకుతున్నవాళ్ళుగా దీని మీద మాకో అభిప్రాయం ఏర్పడింది. మా అనుభవం నుంచి, మా తప్పుల నుంచి కూడా వచ్చిన అభిప్రాయం. ఈ వృత్తిలోకి రావాలనుకునే మనవాళ్ళకీ, ఇల్లు కొనబోయే మనవాళ్ళకీ పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాం.

మేమెవరం?

మేమిద్దరం. ఒకరిది గుంటూరు వైపు, ఇంకొకరిది కరీంనగర్ వైపు. ఇద్దరం హెచ్-1బి మీద వచ్చి, ఏళ్ళ తరబడి కంప్యూటర్ల ముందు కూర్చుని, క్యూలో నిలబడి నిలబడి గ్రీన్‌కార్డు తెచ్చుకున్నవాళ్ళమే. మాలో ఒకరు 2019లో ఇన్‌స్పెక్టర్ లైసెన్సు తీసుకుంటే, రెండోవారు 2023లో ఐటీ ఉద్యోగం పోయాక పాఠాలు చదివి, ఫీల్డులో పని నేర్చి, పరీక్ష రాసి వచ్చి చేరారు. ఇప్పుడు మా ఆఫీసంటే ఒక నిచ్చెన, రెండు టార్చిలైట్లు, ఒక పాత కారు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు అగ్రిమెంటు అయ్యాక, కొనేవాళ్ళు సొంత ఖర్చుతో ఒక ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుని ఇల్లంతా చూపించుకుంటారు. రూఫు, ఆటిక్, ఫౌండేషన్, కరెంటు, ప్లంబింగు, ఏసీ, హీటరు అన్నీ చూసి, ఫొటోలతో రిపోర్టు ఇవ్వడం మా పని. గోడలు పగలగొట్టి చూడం, కంటికి కనబడేదే చూస్తాం. టెక్సస్‌లో 'ఆప్షన్ పీరియడ్' అని కొన్ని రోజులు గడువు కొనుక్కుంటారు. ఆ రోజుల్లో ఏ కారణం చెప్పకుండానైనా డీల్ వదులుకోవచ్చు. అంటే ఆ కొద్ది రోజుల్లో మేం రాసే కాగితమే 'తీసుకుందామా, తగ్గించమందామా, వదిలేద్దామా' అనే నిర్ణయానికి ఆధారం. ఆ కాగితం మెత్తబడితే నష్టం మాకు కాదు, ముప్ఫై ఏళ్ళు మార్టుగేజీ కట్టే కుటుంబానికి.

ఉగాది ఆఫరూ... నలభై లైకులూ

మొదట్లో మేం చేసిన పబ్లిసిటీ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒక లోగో చేయించాం. ఫేస్‌బుక్ పేజీ పెట్టాం. సంక్రాంతికి గొబ్బెమ్మల బొమ్మతో శుభాకాంక్షలు, ఉగాదికి పచ్చడి గిన్నె పక్కన 'ఇన్‌స్పెక్షన్ మీద డిస్కౌంట్', బతుకమ్మకి పూల బొమ్మ కింద మా ఫోన్ నంబరు. లైకులు బాగానే పడ్డాయి. ఎవరు కొట్టారా అని చూస్తే ఒకరు గుంటూరులో పిన్ని, ఇంకొకరు కరీంనగర్‌లో చిన్నప్పటి క్లాస్‌మేటు, మరొకరు హైదరాబాద్‌లో మాజీ టీమ్ లీడు. వాళ్ళలో ఒక్కరు కూడా డాలస్‌లో ఇల్లు కొనేవాళ్ళు కారు!

తర్వాత డబ్బులిచ్చి యాడ్లు వేశాం. ఫోన్లొచ్చాయి. అందరి మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత తీసుకుంటారండీ?" రెండో ప్రశ్న: "ఇంకొకాయన యాభై డాలర్లు తక్కువకి వస్తానన్నాడు, మీరేమంటారు?" తప్పు వాళ్ళది కాదు. మా ప్రకటనలో మేం చెప్పిందే రేటు గురించి. రేటు చూపించి పిలిచినవాళ్ళు రేటే అడుగుతారు, మరి!

నల్లరేగడి కథ

మాకు దారి చూపించింది మట్టి. వినడానికి వింతగా ఉన్నా నిజం ఇదే.

డాలస్ ప్రాంతం ఉన్నది 'బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ' అనే నేల మీద. డాలస్ మీదుగా వేకో, ఆస్టిన్ దాటి శాన్ ఆంటోనియో దాకా సాగే నల్లమట్టి పట్టీ అది. పత్తికి పేరు మోసిన నేల. మరి గుంటూరువాడికీ కరీంనగర్‌వాడికీ నల్లమట్టి గురించి ఎవరైనా చెప్పాలా? ఎండాకాలం చేలో కాలు పట్టేంత నెర్రెలు, వాన పడితే ఉబ్బి చెప్పుని వదలని బంక. మన నల్లరేగడి ఎలాంటిదో ఇక్కడి నల్లమట్టీ అలాంటిదే. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాని మీద కాంక్రీటు స్లాబు పోసి ఇళ్ళు కడుతున్నారు. ఒకవైపు మట్టి తడిగా, ఇంకోవైపు పొడిగా ఉంటే ఆ స్లాబు ఒక పక్కకి లేస్తుంది, ఒక పక్కకి దిగుతుంది. తలుపులు పట్టేస్తాయి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు పోతాయి. బయట ఇటుకల్లో మెట్లు మెట్లుగా చీలిక కనబడుతుంది.

ఒక ఆగస్టు మధ్యాహ్నం మా సొంత పెరట్లో నిలబడి, మట్టిలో పడిన నెర్రెలో ఒక పుల్ల దించి చూపిస్తూ, ఇదంతా తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడాం. "మన ఊళ్ళో అయితే ఈ నెర్రెలు చూసి వానెప్పుడు పడుతుందా అనుకుంటాం. ఇక్కడ మీ ఇంటి చుట్టూ మీరే వానవ్వాలి" అని చెప్పి, ఫౌండేషన్‌కి కాస్త ఎడంగా చెమ్మ పైపు ఎలా పరుచుకోవాలో, చుట్టూ తడి ఒకే తీరుగా ఉండేలా ఎలా చూసుకోవాలో చూపించాం. గోడ నుంచి పది అడుగుల దూరంలో నేల కనీసం ఆరంగుళాలు పల్లం ఉండాలని, లేకపోతే వాననీళ్ళు ఇంటివైపే వస్తాయని చెప్పాం. లోగో లేదు, డిస్కౌంటు లేదు. చివర్లో పేరు, లైసెన్సు నంబరు అంతే.

ఆ వీడియో ఎన్ని గ్రూపులు తిరిగిందో మాకు తెలీదు. ఫోన్ చేసినవాళ్ళు మాత్రం రేటు అడగలేదు. "ఆ మట్టి గురించి చెప్పింది మీరేనా?" అన్నారు. ఇంకో తమాషా ఏమిటంటే, చాలాసార్లు ఆ వీడియో చూసింది ఇల్లు కొనేవాళ్ళు కాదు, వాళ్ళ అమ్మానాన్నలు. విజిటర్ వీసా మీద వచ్చి, పిల్లలు ఆఫీసులకెళ్ళాక పగలంతా ఫోన్లో వీడియోలు చూసే పెద్దవాళ్ళు. "మా నాన్నగారు మిమ్మల్నే పిలవమంటున్నారండీ, మట్టి తెలిసినవాళ్ళట" అన్నాడో తమ్ముడు. ఒక రైతు మెచ్చుకోలు కంటే పెద్ద సర్టిఫికెట్ ఈ వృత్తిలో ఏముంటుంది?

ఆనాటి నుంచి మా పద్ధతి మారింది. మమ్మల్ని మేం పొగుడుకోవడం మానేశాం, తెలిసింది చెప్పడం మొదలుపెట్టాం. ఇటుక గోడ అడుగున కనబడే చిన్న సందులు పురుగుల కోసం కాదు, గోడ లోపలి తడి బయటకి పోవడానికి. వాటిని సిలికాన్‌తో మూసేయకండి, మట్టి పోసి కప్పేయకండి అని ఒకటి. చలికాలం ముందు నీళ్ళ మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇవాళే వెతికి పెట్టుకోండి అని ఇంకొకటి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని గడ్డకట్టించిన ఆ చలిలో, పైపులు పగిలి సీలింగులోంచి నీళ్ళు కారుతుంటే వాల్వు ఎక్కడుందో తెలియక బక్కెట్లు పట్టుకుని నిలబడ్డ కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వాస్తు మీద కూడా ఒకటి చేశాం. మనవాళ్ళు కంపాసు పట్టుకుని సింహద్వారం తూర్పుకి ఉందా లేదా డిగ్రీలతో సహా చూస్తారు, మంచిదే. కానీ అదే సింహద్వారం ముందు వాననీళ్ళు ఏ దిక్కుకి పారుతున్నాయో కూడా ఒకసారి చూడండి అన్నాం. కొందరికి కోపం వచ్చింది, ఎక్కువమంది నవ్వుకున్నారు.

కాబట్టి ఈ వృత్తిలోకి వచ్చే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మా మొదటి మాట: సోషల్ మీడియాలో మీ పేరు అమ్మకండి, మీకు తెలిసిన పని చూపించండి. ఇల్లు కొనకపోయినా ఆ వీడియో చూసినవాడికి ఒక్క ముక్కయినా పనికిరావాలి. అప్పుడే కొనేరోజు వచ్చినప్పుడు మీరు గుర్తుకొస్తారు.

మేం చేసిన తప్పు

ఇదే ఊపులో మేమొక తప్పు చేశాం. దాచుకోదలచుకోలేదు.

ఒక ఇంటి ఇన్‌స్పెక్షన్‌లో ఇటుక గోడ మీద పగులు కనబడింది. పుస్తకంలో బొమ్మలాంటి పగులు. ఫొటో తీసి, 'ఇలాంటిది కనబడితే జాగ్రత్త' అని రాసి ఒక గ్రూపులో పెట్టేశాం. అడ్రసు రాయలేదు, పేరు రాయలేదు. ఇంకేం భయం అనుకున్నాం. అరగంటలో ఒక కామెంటు: "ఇది మా వెనక వీధిలో ఇల్లే కదా!" ఫొటో అంచున పక్కింటి మెయిల్‌బాక్సు పడిందని అప్పుడు చూసుకున్నాం. సాయంత్రానికి అది అమ్మేవాళ్ళ దాకా వెళ్ళింది. వాళ్ళూ తెలుగువాళ్ళే. రిపేరు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న మాటలు సవ్యంగా నడుస్తున్నవి కాస్తా తెగిపోయాయి. మా క్లయింటు ఫోన్ చేసి ఒక్కటే మాటన్నారు: "అన్నా, మేం మీకు డబ్బులిచ్చింది మా ఇంటి జబ్బు మాకు చెప్పమని, ఊరికి చెప్పమని కాదు."

వాళ్ళింటికెళ్ళి క్షమాపణ అడిగాం. ఫీజు తిరిగిచ్చాం. పోస్టు తీసేశాం. కానీ ఫార్వర్డయిపోయిన ఫొటోని ఎవరు వెనక్కి తెస్తారు?

క్లయింటు అనుమతి లేకుండా ఇన్‌స్పెక్షన్‌లో తేలింది బయట పెట్టకూడదన్నది టెక్సస్‌లో మా లైసెన్సు నిబంధనల్లోనే ఉంది. ఆ రూలు మేం చదివి పాసయినదే. చదివింది పరీక్షకి గుర్తుంది, ఫోన్ చేతిలో ఉన్నప్పుడు గుర్తు రాలేదు! ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. ఇన్‌స్పెక్షన్ నాటికి ఆ ఇల్లు ఇంకా అమ్మేవాళ్ళదే. వాళ్ళ దేవుడి గది, పిల్లల ఫొటోలు, మందుల డబ్బాలు అన్నీ మన కెమెరాకి కనబడతాయి. ఒక ఇంటి తలుపు మనకి తెరిచారంటే అది కంటెంటు కోసం కాదు.

ఇప్పుడు మా నియమం ఇది. డీల్ పూర్తయి, ఆ ఇంట్లో ఉండేవాళ్ళు రాసిచ్చిన అనుమతి ఉంటే తప్ప ఏ ఇంటి ఫొటో పెట్టం. పెట్టినా ఇల్లు గుర్తుపట్టేలా ఏదీ ఉండదు, ఫొటోలో దాగుండే లొకేషన్ కూడా తీసేస్తాం. మిగతా వీడియోలన్నీ మా ఇళ్ళలోనే. మా ఆటిక్ ఇప్పుడు తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఆటిక్!

కొనుక్కున్న చుక్కలు

గూగుల్‌లో ఐదు చుక్కల రివ్యూల సంగతికొద్దాం. ఒకతను మాకు ఫోన్ చేసి, "సార్, నెలకింత ఇవ్వండి, వారానికి పది రివ్యూలు పడతాయి" అన్నాడు. వద్దన్నాం. కానీ అంతకుముందు మేం చేసిందేమైనా తక్కువా? చుట్టాలని, ఫ్రెండ్సుని 'ఒక మంచి మాట రాయరా బాబూ' అని అడిగాం. మా చేత ఇల్లు చూపించుకోనివాళ్ళు కూడా 'ఎక్సలెంట్ సర్వీస్' అని రాశారు. ప్రేమతోనే రాశారు. కానీ అది అబద్ధం. తెలిశాక వాళ్ళనే అడిగి తీసేయించాం.

ఇది మర్యాదకి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నకిలీ రివ్యూల మీద తెచ్చిన నిబంధన 2024 అక్టోబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. లేని అనుభవం ఉన్నట్టు రాయించడం, పొగిడితేనే డబ్బో డిస్కౌంటో ఇస్తామనడం, వ్యాపారంలో ఉన్నవాళ్ళే ఆ సంగతి చెప్పకుండా రాసుకోవడం దీని కిందకి వస్తాయి. తెలిసి చేస్తే ఒక్కో ఉల్లంఘనకి యాభై వేల డాలర్లకి పైగా జరిమానా పడొచ్చు. 'రివ్యూ రాస్తే ఇరవై డాలర్లు తగ్గిస్తాం' అని గ్రూపుల్లో సరదాగా పెట్టే మనవాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి. గూగుల్ కూడా అలా ఆశ చూపి రాయించుకునే రివ్యూలని ఒప్పుకోదు.

"కొంచెం మెత్తగా రాయండన్నా..."

ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన సంగతి ఇదే. ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాం.

మన కమ్యూనిటీలో ఇల్లు కొనేవాడి మొదటి పరిచయం రియల్టరుతో. ఆ రియల్టరు ఏ ఇన్‌స్పెక్టర్ పేరు చెబితే ఆ ఇన్‌స్పెక్టర్‌కి పని. ఒక పెద్ద గ్రూపు నడిపే రియల్టరు మా పేరు నాలుగుసార్లు చెబితే ఆ నెల మా అద్దె గడిచిపోతుంది. చాలామంది రియల్టర్లు నిజాయితీగా ఉంటారు. 'గట్టిగా చూడండి, రేపు నన్ను తిట్టకూడదు' అని వాళ్ళే అంటారు. కానీ అందరూ అలా ఉండరు.

ఒకసారి పాతికేళ్ళ కిందటి ఇల్లొకటి చూశాం. కొనేది పెళ్ళయి మూడేళ్ళయిన జంట, మొదటి ఇల్లు. ఒక గదిలో నేల ఒరిగిపోయి ఉంది, రెండు తలుపులు పడటం లేదు, బయట ఇటుకల్లో మెట్ల పగులు. కొత్తగా వేసిన పెయింటు కింద పాత పగుళ్ళ మచ్చ. రిపోర్టు ఇంకా పంపనే లేదు, వాళ్ళ రియల్టరు ఫోన్: "అన్నా, కొంచెం మెత్తగా రాయండి. చిన్నపిల్లలు, భయపడతారు. డీల్ పోతే అందరికీ నష్టమే కదా. మనం మనం చూసుకుందాం."

ఆ రాత్రి మేమిద్దరం కారులో కూర్చుని చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆ నెల మా పనిలో సగం ఆయన పంపిందే. ఒక వాక్యం మార్చితే చాలు. 'ఫౌండేషన్ సరిగా పనిచేయడం లేదని మా అభిప్రాయం' అనే చోట 'చిన్న చిన్న పగుళ్ళు గమనించాం' అని రాస్తే ఎవరూ మమ్మల్ని పట్టుకోలేరు. కానీ మాకు ఫీజు ఇచ్చింది ఎవరు? ఆ ఇద్దరు పిల్లలు. ఉన్నది ఉన్నట్టు రాశాం. స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించుకోండి అని రాశాం. వాళ్ళు చూపించుకున్నారు, ఆప్షన్ పీరియడ్‌లోనే వదులుకున్నారు.

ఆ రియల్టరు మళ్ళీ ఫోన్ చేయలేదు. వారంలో ఆ గ్రూపులోంచి మమ్మల్ని తీసేశారు. తర్వాత మూడు నెలలు చాలా సన్నగా గడిచింది. నిజాయితీకి వెంటనే ఫలితం ఉంటుందని మేం చెప్పం, ఉండదు.

ఆ తర్వాత ఒకరోజు గూగుల్‌లో ఒక రివ్యూ పడింది. ఆ జంట రాసింది. పొడుగేమీ లేదు. 'వీళ్ళ వల్ల మేం ఇల్లు కొనలేదు. థాంక్యూ.' అంతే! మేం పెట్టిన ఉగాది ఆఫర్లన్నీ కలిపి చేయలేని పని ఆ రెండు ముక్కలు చేశాయి. ఇప్పటికీ కొత్తవాళ్ళు ఫోన్ చేసి, "ఆ ఇల్లు కొననివ్వని ఇన్‌స్పెక్టర్లు మీరేనా?" అని నవ్వుతూ అడుగుతారు. రియల్టరు దయ మీద కాకుండా మా కాళ్ళ మీద మేం నిలబడటానికి మాకు సోషల్ మీడియా కావలసింది ఇందుకు. కొనేవాళ్ళు మా దగ్గరకి నేరుగా వస్తే, రిపోర్టు మెత్తబరచమనే ఫోన్‌కి మేం భయపడక్కర్లేదు. మా దృష్టిలో ఈ లైకులకీ వీడియోలకీ ఉన్న అసలు విలువ ఇదొక్కటే.

వీసా సంగతి మరవొద్దు

మా వీడియోలు చూసి చాలామంది తమ్ముళ్ళు మెసేజ్ పెడతారు: "అన్నా, నేను హెచ్-1బి మీద ఉన్నాను. వీకెండ్స్ ఈ బిజినెస్ మొదలుపెట్టొచ్చా?" మా జవాబు ఒకటే. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు ఆ వీసా పిటిషన్ వేసిన కంపెనీకే పనిచేయాలి. శనివారం నిచ్చెనెక్కినా అది పనే. డబ్బు భార్య ఖాతాలో పడినా చేసింది మీరైతే అది మీ పనే. అందులోనూ మీ ప్రకటన మీ ఫొటోతో, మీ నంబరుతో పది గ్రూపుల్లో ఉంటుంది! 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వీసాల కోసం దరఖాస్తు చేసేవాళ్ళ సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలిస్తామని అమెరికా విదేశాంగశాఖ ప్రకటించింది. లైకుల కోసం పెట్టిన పోస్టు కాన్సులేటు కిటికీ దగ్గర ప్రశ్నగా మారకూడదు.

హెచ్-4 మీద ఉండి, 2015లో వచ్చిన నిబంధన కింద వర్క్ పర్మిట్ ఉన్న చెల్లెళ్ళకి సొంతంగా చేసుకునే వీలుంది. ఈ పనిలో ఆడవాళ్ళు తక్కువ, రావాలి కూడా. కానీ కార్డు మీద గడువు తేదీ చూసుకోండి, ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. మీ రాష్ట్రం రూలు కూడా కనుక్కోండి. టెక్సస్, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో లైసెన్సు తప్పనిసరి. కాలిఫోర్నియా, జార్జియాలలో రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు. అంటే అక్కడ ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, కొనేవాళ్ళే మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇల్లు కొనేవాళ్ళకి...

ఇప్పుడు మళ్ళీ ఆ శనివారం వాట్సాప్ మెసేజ్ దగ్గరకొద్దాం. కింద పది నంబర్లున్నాయి. వాటిని ఇలా వడకట్టండి.

మొదట, ప్రకటనలో లైసెన్సు నంబరు ఉందా చూడండి. టెక్సస్‌లో ఇన్‌స్పెక్టర్ వేసే ప్రకటనలో నంబరు ఉండాలన్నది రూలు, సోషల్ మీడియాకి కూడా. ఆ నంబరుని టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వెబ్‌సైటులో వెతికితే లైసెన్సు బతికుందో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. రెండు, పాత రిపోర్టు నమూనా ఒకటి అడగండి. అడ్రసులు చెరిపేసి ఇస్తే మంచివాడు. వేరేవాళ్ళ అడ్రసుతో సహా పంపితే రేపు మీదీ అలాగే పంపుతాడు! మూడు, 'గంటలో అయిపోతుంది' అంటే అది గొప్ప కాదు, హెచ్చరిక. మామూలు ఇంటికే మాకు మూడు గంటలు పడుతుంది. నాలుగు, ఇన్‌స్పెక్షన్‌కి మీరు కూడా రావచ్చా అని అడగండి. వద్దనేవాణ్ణి వదిలేయండి.

'కొత్త ఇల్లే కదా, సిటీవాళ్ళు చూస్తారు కదా, మళ్ళీ ఇన్‌స్పెక్షన్ ఎందుకు?' అని మనవాళ్ళు తరచూ అడుగుతారు. సిటీ ఇన్‌స్పెక్టర్ చూసేది కోడ్, ఆయన రోజుకి చాలా ఇళ్ళు చూడాలి. మీ కోసం చూసేవాడు ఎవడూ ఉండడు, మీరు పెట్టుకుంటే తప్ప. వీలైతే స్లాబు పోయకముందు ఒకసారి, గోడలకి షీట్‌రాక్ కొట్టకముందు ఒకసారి, చేతికి తీసుకునే ముందు ఒకసారి చూపించుకోండి. మామూలుగా బిల్డరు పనితనానికిచ్చే వారంటీ ఏడాదే కాబట్టి పదకొండో నెలలో మరోసారి. అన్నీ కుదరకపోతే షీట్‌రాక్ ముందుది మాత్రం వదలకండి. ఆ తర్వాత గోడ లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

2021లో మార్కెట్ వేడి మీదున్నప్పుడు ఆఫర్ ఒప్పుకోరేమోనన్న భయంతో ఇన్‌స్పెక్షన్ వదులుకుని కొన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మసాచుసెట్స్‌లో అయితే 2025 అక్టోబరు 15 నుంచి, ఇన్‌స్పెక్షన్ వదులుకుంటేనే అమ్ముతాననడానికి చాలావరకు ఇళ్ళ విషయంలో వీల్లేకుండా చేశారు. మిగతా చోట్ల మన జాగ్రత్తే మనకి చట్టం.

చివరగా

మనవాడైతే మంచిదే. తెలుగులో అడగొచ్చు, తెలుగులో అర్థం చేసుకోవచ్చు, నాన్నగారికి కూడా వివరించొచ్చు. కానీ 'మనవాడు' అనేది పిలవడానికి కారణం కావచ్చు గానీ నమ్మడానికి కారణం కాదు. మమ్మల్ని కూడా అలాగే చూడండి. మా వీడియో బాగుందని కాదు, మా నంబరు వెతికి, మా రిపోర్టు చదివి పిలవండి.

ఈ వృత్తిలోకి వచ్చే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ... ఫోన్ తెర మీద నలుగురికి కనబడటం ఈ రోజుల్లో తప్పదు, కనబడండి. కానీ టెక్సస్ ఆగస్టులో ఆటిక్‌లోకి పాక్కుంటూ వెళ్ళి, చెమటతో కళ్ళు మండుతుంటే మూలన ఉన్న ఆ ఒక్క తడి మచ్చ చూడాలా, వెనక్కి తిరిగి దిగిపోవాలా అనే క్షణం ఒకటి వస్తుంది. అక్కడ ఎవరూ లైకు కొట్టరు. పని అక్కడుంది.